కడుపులోనే గుండె పరీక్ష అందరికీ అందాలి
ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు 8 మంది గుండె లోపంతో పుడతారు. గర్భానికి 18-22 వారాలప్పుడు చేసే స్కానింగ్‌లో తీవ్రమైన లోపాలను చాలావరకు గుర్తించవచ్చు. అయితే రెండు ప్రధాన ధమనులూ తారుమారైన శిశువులో గుండె గదులు మామూలుగానే కనిపించవచ్చు. అందుకే ధమనులు బయలుదేరే చోటునూ చూడాలి. దీనికి శిక్షణ కావాలి.

ముందే తెలిస్తే పిల్లల గుండె చికిత్స ఉన్న ఆసుపత్రిలో ప్రసవానికి ఏర్పాట్లు చేసుకోవచ్చు. పుట్టగానే ప్రోస్టాగ్లాండిన్ మందుతో, మూసుకుపోయే నాళాన్ని తెరిచి ఉంచి, ఆపై శస్త్రచికిత్స చేస్తారు. తెలియకపోతే నగరానికి చేరేలోపే ప్రాణం పోవచ్చు.

లోపమేమిటి, చికిత్స ఉందా, ఖర్చెంత, ప్రభుత్వ సాయం అందుతుందా అన్నవి దంపతులకు వాళ్ల భాషలో వివరించాలి. 2021 చట్ట సవరణ ప్రకారం, తీవ్ర లోపాలున్నా 24 వారాలు దాటితే గర్భస్రావానికి వైద్య మండలి నిర్ణయం అవసరం. స్కానింగ్ ఆలస్యమైన కుటుంబానికి ఆలోచించుకునే వ్యవధీ మిగలదు.