కువైట్ కష్టార్జితంతో స్థలం కొనేముందు

వానను నమ్ముకొని బ్రతకలేక రాయచోటి, రాజంపేట ప్రాంతాలనుండి ఎందరో కువైట్ వెళ్లారు. తల్లి అక్కడ పరుల ఇంట పనిచేసి పంపే డబ్బే ఇక్కడ బిడ్డల చదువు, పెండ్లి, ఇల్లు. ఆ డబ్బు కొంత కూడిందని తెలియగానే ఏజెంట్లు రంగురంగుల కాగితాలతో గడప తొక్కుతారు. దూరపు పట్టణంలో ప్లాటు అని ఒకరు, విదేశంలో విడిది ఇల్లు ఏటా ఒక వారం మీదే అని మరొకరు ఆశపెడతారు.

విజయవాడ కేంద్రంగా నడచిన అగ్రిగోల్డ్ సంస్థ, వాయిదాలు కట్టితే గడువు తీరాక స్థలమో, హెచ్చు సొమ్మో ఇస్తామన్నది. సుమారు 32 లక్షలమంది 6,380 కోట్ల రూపాయల దాకా కట్టారు. చెల్లింపులు ఆగిపోయాయి, 2015లో సి.ఐ.డి. విచారణ మొదలైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019, 2021 సంవత్సరాలలో 20 వేల రూపాయలలోపు కట్టినవారికి చెల్లించింది. అంతకు మించి కట్టినవారు ఏళ్లతరబడి ఎదురుచూడవలసి వచ్చింది. ఇందులో ఏజెంట్లు చాలామంది ఊరివారే, బంధువులే. గనుక చెప్పేవాడు మంచివాడని చాలించుకోక, ఈ సంగతులు విచారించండి.

మొదటిది: మీ పేర రిజిస్టరయ్యేది ఏమిటి? రసీదు, బాండు భూమి కావు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతోనో, అగ్రిమెంటుతోనో స్థిరాస్తిపై హక్కు రాదనీ, రిజిస్టరైన క్రయదస్తావేజు ఉండాలనీ 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

రెండవది: అమ్మేవానికి హక్కు ఎలా వచ్చింది? పాత దస్తావేజులు, ఈ.సి. చూడండి. డి.కె.టి. పట్టా భూముల అమ్మకంపై 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉన్నదేమో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగండి.

మూడవది: లేఅవుటుకు అనుమతి ఉన్నదా? స్వయంగా వెళ్లి హద్దులు చూడండి.

ఇక వారం విడిది సంగతి. అక్కడ సాధారణంగా కొనేది నేల కాదు, బసచేసే హక్కు. ఏటేటా నిర్వహణ రుసుము కట్టాలి, ప్రయాణఖర్చు వేరు. తిరిగి అమ్మబోతే కొనేవారు దొరకడం కష్టం. తగవు వస్తే ఏ దేశపు కోర్టుకు వెళ్లాలో ఒప్పందంలో ముందే చదివించుకోండి.

ఈ రోజే కట్టకపోతే ధర పెరుగుతుందని తొందరపెట్టేవానికి ఆ రోజు పైకం ఇవ్వకండి. కాగితాల నకళ్లు తీసికొని, మీరు ఎంచుకున్న వకీలుకు చూపండి. తరువాత కువైట్‌లోని ఆ తల్లికి ఫోను చేసి అంతా వివరించండి. సొమ్ము ఆమెది. ఆమె సరేననక ముందు సంతకం వద్దు.