సినిమా ఎలా ఉంది? చూడవచ్చునా?

సాయంత్రం ఆరు గంటలు కాగానే పుదుచ్చేరి సముద్రతీరపు రహదారిపై వాహనాలు ఆగిపోతాయి. మరునాటి ఉదయం ఏడున్నర వరకు ఆ దారి నడిచేవారిదే. పటంలో దాని పేరు గూబేర్ అవెన్యూ. జనం నోట బీచ్ రోడ్డు. ఒక వంక బంగాళాఖాతం, మరొక వంక ఫ్రెంచివారి నాటి భవనాలు, నడుమ గాంధీ మహాత్ముని విగ్రహం. కొత్త చిత్రం విడుదలైన వారాంతంలో అక్కడ నడుస్తూ చెవి యొగ్గితే ఒక ప్రశ్న తప్పక వినిపిస్తుంది. “పడం ఎప్పడి?” అని తమిళంలో అడిగినా, చదువుల కోసమో ఉద్యోగాల కోసమో వచ్చిన తెలుగువారు తమ భాషలో అడిగినా ప్రశ్న ఒక్కటే: సినిమా ఎలా ఉంది? చూడవచ్చునా?

జవాబులు చిన్నవి. “ఫరవాలేదు.” “మొదటి సగం బాగుంది.” “పాటల కోసం వెళ్ళవచ్చు.” “పిల్లలను తీసుకుపోకండి.” ఇందులో ఛాయాగ్రహణాన్ని గురించిన చర్చ ఉండదు, దర్శకుని పూర్వచిత్రాలతో పోలిక ఉండదు. ఐనా ఆ ఒక్క వాక్యం విని ఒక కుటుంబం టిక్కెట్ల డబ్బు, మూడు గంటల కాలం ఖర్చు పెట్టడమా మానడమా అన్నది నిశ్చయించుకొంటుంది. అడిగినవానికి ఆ మాట మీద నమ్మకం ఎందుకు? చెప్పినవాడు ఇరుగుపొరుగువాడు, తోటి ఉద్యోగి, లేదా బంధువు. మాట తప్పైతే మరునాడు ఎదురుపడి జవాబు చెప్పుకోవలసినవాడు. ప్రేక్షకుని అభిప్రాయానికి గల విలువ అంతా ఈ చిన్న పూచీలోనే ఉంది.

మాటలు విని వ్రాసుకొన్న ఊరు

నలుగురు అనుకొనే మాటకు విలువ ఇవ్వడం ఈ పట్టణానికి కొత్త కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో ఫ్రెంచి గవర్నరు డూప్లే వద్ద దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్ళై 1736 మొదలు 1761 వరకు తమిళంలో దినచర్య వ్రాశాడు. యుద్ధాలు, వర్తకం, దర్బారు సంగతులతో పాటు ఊరివారు ఎవరిని గురించి ఏమనుకొంటున్నారో కూడా ఆయన ఓపికగా నమోదు చేశాడు. తెలుగు సాహిత్యాన్ని ఆదరించిన ఆయన పేరిటనే కస్తూరి రంగకవి ఛందోగ్రంథం రచించాడు. అధికారుల ఉత్తర్వుల కంటె బజారులోని మాట ఒక్కొక్కప్పుడు ముందు నడుస్తుందని ఆ దినచర్య చదివినవారికి తెలుస్తుంది.

సినిమా పుట్టుకలోనూ ఆ మాటకు పాత్ర ఉంది. 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాన్ కఫేలో లూమియేర్ సోదరులు డబ్బు పుచ్చుకొని తమ చిత్రాలను ప్రదర్శించినప్పుడు వచ్చినవారు సుమారు 33 మంది. ఐతే చూసినవారు ఇంటికి పోయి ఊరుకోలేదు, చూడనివారికి చెప్పారు. కొద్ది రోజులలోనే ఆ కఫే ముందు జనం బారులు తీరారు. ప్రకటనల కంటె ముందుగా సినిమాను నిలబెట్టినది ప్రేక్షకుని నోరే.

ఖాళీ కుర్చీల నుండి శతదినోత్సవాల దాకా

తెలుగు పాఠకులకు ఈ సంగతి మరొక ఉదాహరణతో చెప్పనక్కరలేనంత చక్కగా తెలియజేసిన చిత్రం “శంకరాభరణం”. కె. విశ్వనాథ్ దర్శకత్వంలో, ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన ఆ చిత్రం 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. కథానాయకుడు వయసు మళ్ళిన సంగీత విద్వాంసుడు. ఆ పాత్రధారి జె.వి. సోమయాజులు రంగస్థల నటుడే కాని సినిమా తార కాదు. పోరాటాలు లేవు, నాటి ఫక్కీ ప్రేమగీతాలు లేవు. పంపిణీదారులు వెనుకాడారు. తొలి రోజుల్లో హాళ్ళు పలుచగా ఉండినవి. చూసినవారు మాత్రం ఊరకుండలేదు. “మీ నాన్నగారిని తీసుకువెళ్ళండి” అని ఒకరు, “మేము మళ్ళీ వెడుతున్నాం, వస్తారా?” అని మరొకరు. వారం తిరిగేసరికి పలుచగా ఉన్న హాళ్ళ ముందు జనం నిలబడ్డారు. తెలుగు రానివారు కూడా పొరుగు రాష్ట్రాల్లో ఆ చిత్రాన్ని ఆదరించారు. జాతీయ పురస్కారం లభించింది. 1981లో ఫ్రాన్స్‌లోని బెజాన్సాన్ చలనచిత్రోత్సవంలో ఆ చిత్రానికి వచ్చినది పండితులు ఇచ్చే బహుమతి కాదు. ప్రేక్షకులు ఇచ్చే బహుమతి.

భాష అడ్డురాదని అంతకు ముందే “మరో చరిత్ర” నిరూపించింది. కె. బాలచందర్ తీసిన ఈ 1978 నాటి తెలుగు చిత్రం తమిళంలోకి అనువదించకుండానే మద్రాసు సఫైర్ థియేటరులో 596 రోజులు ఆడింది. అన్ని దినాల పాటు ఒక నగరం పరభాషా చిత్రాన్ని చూసిందంటే అందుకు గోడపత్రికలు కారణం కాజాలవు. చూసి వచ్చిన తమిళుడు చూడని తమిళునికి చెప్పిన మాటే కారణం.

దేశమంతటా ఇటువంటి కథలే వినిపిస్తాయి. 1955 ఆగస్టులో కలకత్తాలో విడుదలైన సత్యజిత్ రాయ్ “పథేర్ పాంచాలి”కి మొదట ఆదరణ అంతంతమాత్రం. రెండు వారాలు తిరగకముందే హాళ్ళు నిండాయి. 1975 ఆగస్టు 15న వచ్చిన “షోలే” పరాజయం పొందిందని వ్యాపారవర్గాలు తొలి వారంలో తేల్చివేశాయి. ముగింపు మార్చి మళ్ళీ తీద్దామా అని నిర్మించినవారే ఆలోచనలో పడ్డారు. ఆ చిత్రమే బొంబాయి మినర్వా థియేటరులో ఐదేళ్ళు ఆడింది.

ఈ విజయాల వెనుక ఒక యంత్రాంగం ఉంది. ఆ రోజుల్లో సినిమా అంటే బరువైన రీళ్ళ పెట్టెలు. ఒక్కొక్క ప్రతి తయారీకి ఖర్చు ఎక్కువ కాబట్టి ప్రతులు కొన్నే తీసేవారు. అవి ముందు పెద్ద నగరాల్లో ఆడి, తరువాత చిన్న పట్టణాలకు, ఆపైన పల్లెల టెంట్లకు చేరేవి. పెట్టె కంటె ముందుగా మాట ఊరు చేరేది. పట్నం నుంచి వచ్చిన చుట్టం ద్వారానో, ఉత్తరం ద్వారానో చిత్రం మంచిచెడ్డలు ముందే తెలిసేవి. మాట పాకడానికి వ్యవధి ఉండేది. మంచి చిత్రం కోలుకోవడానికి అవకాశం ఉండేది.

చర్చను కళగా మలచినవారు

సినిమా చూసి మాట్లాడుకోవడాన్ని ఒక సాధనగా మలచినవారు ఫ్రెంచివారు. 1920లో లూయీ దెల్యూక్ అనే విమర్శకుడు “సినీ క్లబ్” అన్న మాటను తన పత్రిక పేరులోకి తెచ్చి ప్రచారంలో పెట్టాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆంద్రే బజాఁ అనే మరొక విమర్శకుడు విద్యార్థులకు, కార్మికులకు చిత్రాలు చూపి, దీపాలు వెలిగిన తరువాత వారిచేత మాట్లాడించేవాడు. ఆయన శిష్యుడైన ఫ్రాన్సువా త్రూఫో వ్రాసిన నిష్ఠురమైన సమీక్షలకు కోపించి 1958లో కాన్ చలనచిత్రోత్సవం వారు ఆయనకు పత్రికాప్రతినిధిగా అనుమతి నిరాకరించారు. మరుసటి సంవత్సరమే త్రూఫో తన తొలి పూర్తినిడివి చిత్రంతో అదే ఉత్సవంలో ఉత్తమ దర్శకుని బహుమతి అందుకొన్నాడు. కటువుగా మాట్లాడినంత మాత్రాన ఎవరూ సినిమాకు శత్రువులు కారని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మన దేశంలో ఆ సంప్రదాయం 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీతో వేళ్ళూనింది. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా దాని స్థాపకులలోని వారు. 1954 నవంబరు 1 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న పుదుచ్చేరికి ఈ ధోరణి పరాయిది కాదు. 1889లో స్థాపితమైన అలియాన్స్ ఫ్రాంసేజ్ ఇక్కడ భాషతో పాటు ఫ్రెంచి చిత్రాలనూ పరిచయం చేస్తూ వచ్చింది. ఆ సంస్థ, నవదర్శన్ ఫిల్మ్ సొసైటీ, పుదుచ్చేరి ప్రభుత్వం కలిసి భారతీయ చలనచిత్రోత్సవం జరుపుతూ వచ్చాయి. ఆ సందర్భంలో ప్రభుత్వం ఇచ్చే ఉత్తమ చిత్ర పురస్కారానికి శంకరదాస్ స్వామిగళ్ పేరు పెట్టారు. తమిళ నాటకరంగానికి పితామహునిగా పేరుపొందిన ఆయన 1922లో ఈ పుదుచ్చేరిలోనే కన్నుమూశాడు. మారి సెల్వరాజ్ తొలి చిత్రం “పరియేరుమ్ పెరుమాళ్” ఆ పురస్కారం పొందిన వాటిలో ఒకటి. కులం పేరిట అవమానాల పాలైన ఒక న్యాయశాస్త్ర విద్యార్థి కథ అది. అటువంటి చిత్రం చూసి బయటికి వచ్చినవారి మధ్య “బాగుంది, బాగులేదు” అన్నంతతో మాట ఆగదు. ఎవరి ఊరిలో ఏమి జరిగిందో చెప్పుకొనే దాకా పోతుంది.

తమ ఊరు తెరకెక్కినప్పుడు

ప్రేక్షకుడు మరింత కఠినమైన న్యాయనిర్ణేత అయ్యే సందర్భం ఒకటి ఉంది: తెర మీద తన ఊరే కనిపించినప్పుడు. పుదుచ్చేరివారికి ఆ అనుభవం 2012లో కలిగింది. యాన్ మార్టెల్ నవల ఆధారంగా ఆంగ్ లీ తీసిన “లైఫ్ ఆఫ్ పై” ఆ ఏడాది నవంబరులో విడుదలైంది. అంతకు ముందు, 2011 జనవరిలో, చిత్రబృందం ఇక్కడికి వచ్చి 1826 నాటి వృక్షోద్యానంలో కథానాయకుని తండ్రి నడిపే జంతుప్రదర్శనశాలను సృష్టించింది. సముద్రం మీది భాగాన్ని మాత్రం తైవాన్‌లో కట్టిన పెద్ద నీటితొట్టిలో చిత్రించారు. ఆ చిత్రానికి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. లోకమంతా పులిని, పడవను, తుపానును చూసి అబ్బురపడింది. ఈ ఊరివాని కన్ను మాత్రం తొలి అరగంటలోనే పడుతుంది. అది మన తోట కదా, ఆ వీధి ఏది, ఇక్కడి వాళ్ళు అట్లా మాట్లాడతారా? దూరదేశపు విమర్శకుడు అడగలేని ప్రశ్నలివి. ఒక చిత్రాన్ని గురించి స్థానికుని మాటకు ప్రత్యేకమైన విలువ ఎందుకుంటుందో ఇక్కడ బోధపడుతుంది.

ఆ నవల మొదలయ్యేదీ ఈ ఊరి సంభాషణతోనే. నెహ్రూ వీధిలోని ఇండియన్ కాఫీ హౌస్‌లో ఒక వృద్ధుడు రచయితను పలకరించి, తన వద్ద ఒక కథ ఉన్నదంటాడు. చివరికి వినేవారి ముందు రెండు కథలు నిలిచి, ఏది మేలైనదో చెప్పమని ప్రశ్న వస్తుంది. తీర్పు శ్రోతకే వదిలిన కథ అది.

మూడు రోజుల తగవు

ఈ తీర్పు చెప్పే హక్కే ఇటీవల న్యాయస్థానం దాకా వెళ్ళింది. రీళ్ళ కాలం పోయి, డిజిటల్ ప్రదర్శన వచ్చిన తరువాత పెద్ద చిత్రం ఒకే రోజున వేలాది తెరలపై పడుతున్నది. రాబడిలో అధికభాగం తొలి మూడు రోజుల్లోనే రావాలి. పూర్వం వారాల తరబడి పాకిన మాట ఇప్పుడు మొదటి ఆట విరామంలోనే చేతి ఫోనుల ద్వారా ఊళ్ళు దాటుతున్నది. కొన్ని భారీ చిత్రాలు దెబ్బతిన్న పిమ్మట 2024 నవంబరులో తమిళ చలనచిత్ర నిర్మాతల మండలి ఒక విజ్ఞప్తి చేసింది: థియేటర్ల ఆవరణలో యూట్యూబ్ వారిని ప్రేక్షకుల అభిప్రాయాలు చిత్రించనివ్వవద్దని. విడుదలైన తొలి మూడు రోజులు సమీక్షలనే నిషేధించాలంటూ నిర్మాతల సంఘం ఒకటి మద్రాసు హైకోర్టును ఆశ్రయించింది. పుదుచ్చేరి కూడా ఆ న్యాయస్థానపు పరిధిలోనిదే కాబట్టి బీచ్ రోడ్డు మీది ప్రేక్షకునికీ ఈ తగవుతో సంబంధం ఉంది. 2024 డిసెంబరులో న్యాయస్థానం అటువంటి నిషేధానికి నిరాకరించింది. అభిప్రాయం చెప్పడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమని, అందరూ మెచ్చుకొనే తీరాలని ఆశించరాదని దాని భావం. అంతకు ముందు కేరళలో ఇటువంటి వివాదమే వచ్చినప్పుడు, ఆ హైకోర్టుకు సహాయకునిగా నియమితుడైన న్యాయవాది 48 గంటలు ఆగి సమీక్షించడం మంచిదని సూచించాడు.

నిర్మాతల గోడు అబద్ధం కాదు. అప్పు తెచ్చి తీసిన చిత్రం వెనుక వందల మంది కూలి ఉంటుంది. డబ్బు తీసుకొని తిట్టేవారు, చూడకుండానే తీర్పు చెప్పేవారు ఉన్నారన్న ఆరోపణను తోసివేయలేము. డబ్బు తీసుకొని పొగిడేవారూ ఉన్నారని ప్రేక్షకుడు అంటే దానినీ తోసివేయలేము. ఐతే మూడు రోజులు నోరు మూసుకొనవలసి వస్తే నష్టపడేది చెడ్డ చిత్రాలు మాత్రమే కాదు. “శంకరాభరణం” వంటి చిత్రానికి తొలి మూడు రోజుల్లో ఉన్న ఏకైక ఆస్తి, హాలులో కూర్చున్న ఆ కొద్దిమంది నోటి మాట. ఆ మాటను మూయిస్తే తారలు లేని చిత్రానికి, ప్రకటనలకు డబ్బు లేని చిత్రానికి దారి ఏది?

కనుక చూడవలసినది మాట ఎప్పుడు వచ్చిందన్నది కాదు, ఎవరి నుండి వచ్చిందన్నది. పూర్తిగా చూశాడా? తనకు నచ్చకపోవడానికీ చిత్రం బాగులేకపోవడానికీ తేడా తెలిసినవాడేనా? రేపు మనకు ఎదురుపడతాడా? ముఖం తెలియని లక్షమంది తీర్పు కంటె ఈ మూడు ప్రశ్నలకు నిలిచే ఒక్కని మాట మేలు.

రాత్రి ఆట వదిలిన తరువాత కూడా బీచ్ రోడ్డు మీద కొందరు నడుస్తూనే ఉంటారు. మిత్రులిద్దరిలో ఒకరు చిత్రం గొప్పదంటారు, మరొకరు డబ్బు దండుగ అంటారు. వాదన విగ్రహం దాకా సాగి, అక్కడ నుండి వెనుకకు మళ్ళుతుంది. తేలినా తేలకపోయినా మరుసటి శుక్రవారం మరొక చిత్రం వస్తుంది. అప్పుడు మొదటివాడు రెండవవానినే అడుగుతాడు: సినిమా ఎలా ఉంది? చూడవచ్చునా?