పిల్లాడికి ఇంకా మాటలు రాలేదా? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో ఎక్కడ చూపించాలంటే..

‘‘వాళ్ల నాన్నకూ మూడేళ్ల దాకా మాటలు రాలేదు. మగపిల్లలకు లేటే.’’ రెండేళ్లు నిండినా పిల్లాడు ‘అమ్మ’, ‘తాత’ దాటి మాట్లాడకపోతే మన ఇళ్లలో మొదట వినిపించే మాట ఇదే. చాలాసార్లు అది నిజమే అవుతుంది కూడా. కానీ ఏ బిడ్డ విషయంలో నిజమవుతుందో, ఏ బిడ్డ విషయంలో కాదో ఇంట్లో కూర్చుని తేల్చలేం. తేల్చడానికి ప్రభుత్వ ఏర్పాటు ఒకటి ఉంది. పైసా ఖర్చు లేదు, అంగన్‌వాడీ దాకా వస్తుంది. అయినా కొందరు పిల్లలు మధ్యలో జారిపోతున్నారు.

ఏమిటీ ఆర్‌బీఎస్‌కే?

పూర్తి పేరు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. 2013 ఫిబ్రవరిలో మొదలైంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్లో 30 రకాల సమస్యలను ముందే పసిగట్టడం దీని పని. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల లోపాలు, జబ్బులతో పాటు ఎదుగుదలలో ఆలస్యాన్నీ చూస్తారు. నడక, మాట, వినికిడి, నేర్చుకోవడం వంటివన్నీ ఇందులోకే వస్తాయి.

ఆయుష్ డాక్టర్లు, ఫార్మసిస్టు, ఏఎన్‌ఎం ఉండే సంచార బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి ప్రభుత్వ బడికి రావాలి. అంతకంటే ముందే ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు. లెక్కేస్తే 11 సార్లు.

ఇది ఎవరో కొద్దిమంది పిల్లల సమస్య అనుకోవడానికి లేదు. దేశంలో ఐదు చోట్ల జరిపిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. 2 నుంచి 6 ఏళ్లలోపు పిల్లల్లో 9.2 శాతం మందికి, 6 నుంచి 9 ఏళ్ల వారిలో 13.6 శాతం మందికి నాడీ సంబంధ ఎదుగుదల సమస్య ఏదో ఒకటి ఉన్నట్లు తేలింది.

ఎప్పుడు అనుమానించాలి?

మూడు నెలలు నిండినా మనిషిని చూసి నవ్వకపోతే, ఐదో నెల వచ్చినా మెడ నిలపకపోతే, తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోతే, ఏడాదైనా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, ఏడాదిన్నరకు నడవకపోతే, రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పకపోతే ఒకసారి చూపించాలి. వచ్చిన మాటలు పోయినా, చేసే పని మానేసినా ఏ వయసులోనైనా ఆగకూడదు. రెండు నెలల ముందు పుట్టిన బిడ్డకైతే రెండేళ్లు వచ్చేదాకా ఆ రెండు నెలలు తీసేసి లెక్కించాలి.

వినికిడి గురించి ఒక మాట. బిడ్డ వెనక స్టీలు కంచం కొట్టి ‘తిరిగాడు, వినపడుతోంది’ అనుకోవడం మన దగ్గర అలవాటు. నీడ కదిలినా, నేల అదిరినా బిడ్డ తిరుగుతాడు. పైగా వినికిడి లేని బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊ కొడతాడు. అందుకే నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స అంటారు వైద్యులు. కళ్లదీ అదే తొందర. 2 కిలోల కంటే తక్కువ బరువుతో లేదా 34 వారాల్లోపు పుడితే 30 రోజుల్లోగా రెటీనా పరీక్ష చేయించాలి.

స్లిప్పు రాశాక ఏం జరుగుతుంది?

అంగన్‌వాడీలో చేసేది వడపోత మాత్రమే. అక్కడ అనుమానం వస్తే జిల్లా స్థాయి ఆసుపత్రిలోని సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి, రిఫర్ చేస్తారు. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు వంటి వాళ్లంతా ఒకేచోట ఉండాలన్నది ఈ కేంద్రం ఉద్దేశం. సూర్యాపేట, కోదాడ వాళ్లకు జిల్లా కేంద్రం సూర్యాపేట. మిర్యాలగూడ మాత్రం నల్గొండ జిల్లాలోనే ఉంది కాబట్టి అక్కడి వాళ్లు నల్గొండ వెళ్లాలి.

చిక్కంతా ఇక్కడే. థెరపీ ఒక సూదితో అయిపోయేది కాదు. నెలల తరబడి, వారం వారం తిరగాలి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు కాబట్టి తల్లికి చార్జీ భారం తగ్గింది. కోదాడ నుంచి సూర్యాపేట వెళ్లొచ్చిన రోజు పోయే కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. రెండుసార్లు వెళ్లి మానేశారంటే ఆ తల్లిని తప్పుపట్టి లాభం లేదు. ఇంట్లో చేయించాల్సిన వ్యాయామాలు, ఆటలు థెరపిస్టు నేర్పిస్తారు. మొదటి రోజే అడిగి నేర్చుకుంటే మధ్యలో ఒక వారం తప్పినా పని ఆగదు. మండల స్థాయిలో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాల్లో కూడా ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపీ ఉంటాయి. అర్హులకు రవాణా, ఎస్కార్ట్ భత్యం కూడా ఉంది, ఎంఈఓ ఆఫీసులో అడగాలి. పెద్ద పరీక్షలు అవసరమైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. అక్కడ ఆరేళ్లలోపు పిల్లల కోసం ప్రత్యేక కేంద్రాన్ని 2021లో తెరిచారు.

‘వికలాంగుడని ముద్ర వేస్తారేమో’ అన్న భయంతో స్లిప్పు దాచేసేవాళ్లూ ఉన్నారు. డీఈఐసీలో చూపించడం వేరు, సదరం సర్టిఫికెట్ వేరు. థెరపీకి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు.

ప్రైవేటు నర్సరీకి వెళ్తుంటే?

బృందాలు వెళ్లేది అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు. మూడేళ్లకే ప్రైవేటు నర్సరీలో చేరిన పట్టణ పిల్లలు ఈ జల్లెడలో పడరు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ల పిల్లలదీ దాదాపు అదే పరిస్థితి. స్లిప్పు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. మీ వీధి అంగన్‌వాడీ టీచర్‌నో, ఏఎన్‌ఎంనో బృందం వచ్చే తేదీ అడిగి ఆ రోజు బిడ్డను తీసుకెళ్లవచ్చు. లేదా నేరుగా ప్రభుత్వాసుపత్రి పిల్లల ఓపీలో చూపించవచ్చు.

వెళ్లేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, పుట్టినప్పటి డిశ్చార్జి షీటు పట్టుకెళ్లండి. బిడ్డ ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు ఫోన్‌లో తీసిన రెండు నిమిషాల వీడియో కూడా ఉంచుకోండి. ఆసుపత్రిలో కొత్త మొహాలు చూసి ఏడుపు అందుకుంటే డాక్టరుకు ఏమీ తెలియదు, ఆ వీడియోనే చూడాలి.