మేసిన చేనికి పరిహారమా, జరిమానాయా?

మన వరంగల్లు ప్రాంతమున మొక్కజొన్న కంకి వేయు దినములలో ఎడ్లు చేనబడుట, మాట మాట పెరిగి కర్రలు లేచుట రైతు సోదరు లెరుగనిది కాదు. మఱునాడు ఠాణా, పిమ్మట కచేరి, వాయిదాలు. తుదకు జరిమానా పడినను, న్యాయాధిపతి ప్రత్యేకముగా పరిహార మిప్పించిననే తప్ప, ఆ సొమ్ము ఖజానాకు పోవును. చేను పోయినవానికి గింజ రాదు. ఇరువురి గట్టు మాత్ర మొక్కటియే; జీవితాంతము దానిమీదనే నడువవలయును.

తప్పు చేసినవాడు నష్టపడినవాని యెదుట నిలిచి, చేసిన దొప్పుకొని, నష్టమును తానే పూడ్చు పద్ధతి వేఱొకటి గలదు. పరదేశములందును దీనిని పరీక్షించిరి. 1974లో కెనడాలోని ఎల్మైరా యను ఊర ఇద్దరు యువకులు 22 చోట్ల ఆస్తులు పాడుచేయగా, న్యాయాధిపతి వారిని నష్టపడినవారి యిండ్లకే పంపి పరిహార మిప్పించెను.

ఇది మన పెద్దమనుషుల పంచాయతీయే గదా యని కొంద ఱందురు. కాదు. ధరావతు కట్టించుకొని, తప్పు సొమ్మును కల్లుపాలు చేసిన పంచాయతీలను ఈ వ్యాసకర్త చూచియున్నాడు. బీదవాడు బలవంతుని మొగము చూచి తల యూపినచో అది రాజీ యగునా?

శాసనబద్ధమైన త్రోవ గలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ననుసరించి, కోర్టు కెక్కిన వ్యాజ్యమునే గాక, ఎక్కనిదానిని గూడ లోక్ అదాలతు ముందుంచవచ్చును. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవలెను. ఉభయులు సమ్మతించిననే తీర్పు. అది సివిలు డిక్రీతో సమానము; కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. దానిపై అప్పీలు లేదు గనుక, వ్రేలిముద్ర వేయకముందే పూర్తిగా చదివించుకొనుడు. 2024 జూలై 1 నుండి అమలునందున్న నాగరిక సురక్షా సంహిత 359వ విభాగము చిన్న దెబ్బలు, పరుల భూమిలో చొరబడుట వంటి నేరములను బాధితుని సమ్మతితో రాజీ చేసుకొననిచ్చును. హత్య, మానభంగము ఇందు చేరవు. వానిని అరుగుమీద తీర్చెదమనువారిని నమ్మరాదు.

రాజీకి లెక్క ప్రధానము. నష్టము జరిగిన దినముననే ఇరువురును చేనికి పోయి, మేసిన మొక్కలను లెక్కింపవలెను. ప్రక్క సాళ్లలో చెడని మొక్కలను అన్నింటినే గుర్తుపెట్టి, కోతనాడు వాని గింజ తూచినచో పోయిన దెంతయో తేలును. పది దినములు జాగు చేసితిమా, ఎవరి మాట వారిదే. పైకము లేనివాడు గింజగా నీయవచ్చును, లేదా అరక కట్టి దున్నిపెట్టవచ్చును. ఎన్ని ఎకరములో, ఏ తేదీలోపలనో కాగితమున వ్రాయించుకొనుడు.