ఊపిరి ముందు, ఎముక వెనుక

ఈతను, సైకిలును, పరుగును నడుమ విరామము లేకుండ ఒకదాని వెంట ఒకటిగా ముగింపవలసిన ట్రయథ్లాన్ అను పోటీ 2000 సంవత్సరమున సిడ్నీ నగరమందు ఒలింపిక్ క్రీడలలో చేరినది. అందు 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు ఉండును. 2019 మొదలు గోవాలో జరుగుచున్న అర్ధ ఐరన్‌మ్యాన్ పోటీలోనైతే పరుగే 21.1 కిలోమీటర్లు. ఇట్టి పోటీకి సిద్ధపడదలచిన పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతపు ఉద్యోగికి నేడు సాధనములు దూరమున లేవు. ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన, సౌరఫలకముల నీడలో, రెండు పాయలుగా సుమారు 23 కిలోమీటర్లు సాగి ఒకవైపు కొల్లూరు దాక వచ్చిన సైకిలు మార్గము 2023 అక్టోబరులో తెరువబడినది. ఈతకు గచ్చిబౌలి కొలను కలదు. పరుగునకు రామచంద్రాపురపు బి.హెచ్.ఇ.ఎల్. టౌన్‌షిప్పు వీథులు చాలును. దగ్గరనే మంజీర యున్నది గదా యని అందు ఈతకు దిగుట మాత్రము తగదు; సంగారెడ్డి చెంత నది అభయారణ్యము, మొసళ్లకు నెలవు.

ఈ మూడింటిలో మనుష్యుని తరచుగా మంచము పట్టించునది పరుగే. నీరు దేహభారమును తాను మోయును, సైకిలు సీటు మోయును. పరుగునందో, అడుగు నేలను తాకిన ప్రతి మారు దేహభారమునకు రెండు మూడింతల తాకిడి కాలిపై పడును, గంట పరుగులో ఇట్టి తాకిడులు ఇంచుమించు పదివేలు. అందుచేతనే ముంగాలి యెముకలో సన్నని చీలికయో, పిక్కను మడమకు కట్టియుంచు అకిలిస్ స్నాయువున వాపో వచ్చి, వైద్యుడు పరుగు మానుమని చెప్పిన పిమ్మట, సాధకుడు నిరుత్సాహపడక ఈతను, సైకిలును వదలకుండ సాగించును. ఇది మెచ్చదగిన పనియే. కాని తిరిగి పరుగెత్తు దినమున అతనికి కీడు మూడునది కూడ ఇందువలననే యని నా నిశ్చితాభిప్రాయము. గుండె తగ్గలేదు, ఊపిరి తగ్గలేదు. రెండు నెలలుగా తాకిడి యెరుగని ఎముకయు, స్నాయువును మాత్రము మెత్తబడి యున్నవి. ఆయాసము రానందున అతడు ఆగడు. కేవలము మంచమున పడి లేచినవానిని ఊపిరియే రెండవ నిముసమున నిలువరించును. వీనిని నిలుపువారు లేరు.

ఎముక బలపడు విధమును తెలిసికొన్నచో ఈ తొందర ఎంత ప్రమాదమో బోధపడగలదు. క్రొత్త భారము పడినపుడు శరీరము మొదట అలసిన ఎముకను కొంత తొలచివేసి, అటుపిమ్మటనే క్రొత్తదానిని నింపును. పాత గిలాబును గీకిన గోడవలె, ఈ నడిమి కొలది వారములలో ఎముక మునుపటికంటె బలహీనముగ నుండును. తొలి రెండు వారములు ఏ బాధయు లేకుండ గడచి, మూడవ నాలుగవ వారమున నొప్పి తిరుగబెట్టుటకు తరచుగా ఇదియే కారణము.

కావున పరుగునకు ముందు కొన్ని పరీక్షలు దాటవలెను. అరగంట వడిగా నడచినను నొప్పి రాకూడదు. ముంగాలి యెముక లోపలి అంచు వెంబడి బొటనవ్రేలితో మెల్లగా నొక్కుచు క్రిందికి పోయినపుడు, నొప్పి జానెడు మేర పలుచగా వ్యాపించియుండుట ఒక విషయము. రూపాయి బిళ్లంత చోట చురుక్కున తగులుట వేరొక విషయము. రెండవది కనబడినచో నాడు బూట్లు తొడుగనే రాదు, వైద్యుని యొద్దకు పోవలెను. తరువాత మెట్టు అంచున గాయపడిన కాలి మునివ్రేళ్లపై నిలిచి, మడమను మెల్లగా ఎత్తి దించుచు ఇరువది మారులు చేయగలుగవలెను, ఒంటికాలిపై గెంతగలుగవలెను. అప్పుడు ఒక నిముసము పరుగు, రెండు మూడు నిముసముల నడక, ఇట్లు ఇరువది నిముసములు, మరునాడు విశ్రాంతి. వేగము కడపటి మాట.

నొప్పిని కొలుచుటలో ఒక భేదము గుర్తింపవలెను. 2007లో స్వీడన్ దేశమున కారిన్ సిల్బర్నాగెల్ బృందము జరిపిన పరిశోధనలో, అకిలిస్ స్నాయువు నొప్పి గలవారు పదింట అయిదు దాటని నొప్పితో, మరునాటి యుదయమునకది తగ్గుననెడి నియమముతో పరుగు సాగించినను, మొదటి ఆరు వారములు మానినవారికంటె వెనుకబడలేదు. స్నాయువునకు చెల్లిన ఈ సడలింపు ఎముక చీలికకు చెల్లదు. అచ్చట అనుమతింపదగిన నొప్పి సున్న. దూరమును పెంచుటలోను మనవారు వారపు మొత్తమును చూతురే గాని ఒక్కనాటి పరుగును చూడరు. అయిదువేల మందికి పైగా పరుగువారిని పరిశీలించి 2025లో ప్రకటించిన ఒక అధ్యయనమున, గడచిన 30 దినములలోని మిక్కిలి దీర్ఘమైన పరుగును ఒక్కనాడు పదవ వంతుకు మించి దాటినవారే హెచ్చుగా గాయపడినట్లు తేలినది.

ఇక పాశమైలారమునగాని, బొల్లారమునగాని కర్మాగారపు షిఫ్టులో నిలుచువాని లెక్క వేరు. ఇనుప మూతి గల సేఫ్టీ బూట్లతో ఎనిమిది గంటలు సిమెంటు నేలపై నిలిచి, బరువులు మోసి వచ్చిన కాలికి అదియు భారమే. చేతి గడియారము దానిని పరుగుగ లెక్కింపకపోవచ్చును, పిక్క లెక్కించును. రాత్రి షిఫ్టు ముగిసిన వేకువను, ఎట్లును మేలుకొనియే యున్నాము గదా యని కొందరు అటే రోడ్డెక్కుదురు. ఎముక కుదుటపడుటకు నిద్ర అవసరము. కావున రాత్రి షిఫ్టు వారమున పరుగును పెంచక, ఉన్నంతలో నిలిపి, పగటి షిఫ్టు వచ్చినపుడు ఒక మెట్టెక్కుట మేలు. తన పని ఎట్టిదో ఫిజియోథెరపిస్టునకు ముందుగనే తెలుపవలెను. చూపించుకొనవచ్చినవాడు కంప్యూటరు ముందు కూర్చుండు ఉద్యోగియో, లేతు మిషను ముందు నిలుచు ఉద్యోగియో తెలియనిచో ఆయన వ్రాసి యిచ్చు పట్టిక సరిపడదు.

సైకిలు దిగిన వెంటనే పరుగెత్తుట ట్రయథ్లాన్‌కు ప్రాణము. దానిని అన్నింటికంటె వెనుకకు నెట్టవలెను. అలసిన తొడలతో దిగినవాని అడుగు తీరు మారును, భారము పడరాని చోట పడును. నడక లేకుండ అరగంట పరుగు, రెండు వారములు నిరపాయముగ సాగిన పిదప, ఒకనాడు తేలికగా సైకిలు త్రొక్కి దిగి, మొదట రెండు నిముసములు నడచి, తరువాత అయిదు నిముసములు మాత్రము పరుగెత్తి, ఇంటికి పోయి, మరునాటి ప్రొద్దున మంచము దిగిన మొదటి అడుగులో మడమ యేమనునో, ముంగాలు ఏమనునో గమనింపవలెను.