80 హార్స్‌పవర్‌తో పల్టీ కొట్టొచ్చా?

దుండిగల్ వాయుసేన అకాడమీలో 2009 దాకా కొత్త పైలట్లకు ఓనమాలు దిద్దించిన విమానం హెచ్‌పీటీ-32 దీపక్. ఇంజన్ 260 హార్స్‌పవర్, గరిష్ఠ వేగం గంటకు 265 కిలోమీటర్లు. 2015లో మన వాయుసేన, నౌకాదళం, ఎన్‌సీసీల కోసం 194 ఆర్డరిచ్చిన స్లొవేనియా విమానం పిపిస్ట్రెల్ వైరస్‌ది 80 హార్స్‌పవరే. అయినా నిలకడగా 245 దాకా పోతుంది. రెండింట్లోనూ ఇద్దరు కూర్చోవచ్చు.

గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనం చొప్పున పెరుగుతుంది. వైరస్‌కు దీపక్ ఇంజనంత బలం ఇచ్చినా, పెరిగే బరువును పక్కన పెట్టినా, వేగం ఒకటిన్నర రెట్లకు మించదు. కాబట్టి వేగం కావాలంటే ముందు ఒళ్లు నున్నగా, సన్నగా ఉండాలి.

మరి లింగంపేట లాంటి ఊళ్లో ఎవరైనా షెడ్డులో సొంతంగా విమానం కట్టుకోవాలనుకుంటే వైరస్ లాంటిదే చాలా? పల్టీల మోజుంటే చాలదు. దీపక్ తన బరువుకు ఆరింతల భారం ఓర్చుకుంటుంది. వైరస్‌లో విన్యాసాలు నిషిద్ధం. దాని 10 మీటర్లు దాటిన పొడవాటి రెక్క ప్రయాణంలో పెట్రోలు మిగిలిస్తుంది కానీ, ముక్కును గుంజి పైకి లేపినప్పుడు రెక్క మొదలు దగ్గర విరుపు బలం ఎక్కువ. దొర్లడంలోనూ బద్ధకమే.

నా ఓటు సోనెక్స్‌కి. 1998లో ఎగిరిన జాన్ మోనెట్ డిజైన్ ఇది. అల్యూమినియం రేకులు, రివెట్లు, 6.7 మీటర్ల పొట్టి రెక్క. 80 హార్స్‌పవర్‌తో గంటకు సుమారు 210 కిలోమీటర్ల వేగం. బరువు 430 కిలోల్లోపు ఉంటే ఆరు జి వరకు (అంటే బరువుకు ఆరింతల భారం దాకా) అనుమతి, ఇద్దరెక్కితే 4.4 జి మాత్రమే. అంటే పల్టీల వేళ రెండో సీటు ఖాళీయే!

చిన్న ఇంజన్‌తో పల్టీకి అసలు పెట్టుబడి ఎత్తు. గంటకు 198 కిలోమీటర్ల వేగాన్ని మొత్తం ఎత్తుగా మార్చినా 154 మీటర్లే వస్తుంది. లూప్ పైభాగంలోనూ కొంత వేగం మిగలాలి కనుక, ముందు ముక్కు దించి ఇంకాస్త వేగం కూడగట్టుకోవాలి. గాలి నిరోధం తినేసిన ఎత్తును 80 హార్స్‌పవర్ వెంటనే పూడ్చలేదు. వరుసగా నాలుగు పల్టీలంటే మళ్లీ పైకెక్కే ఓపిక కావాలి.

ఇంట్లో కట్టిన విమానం మన దేశంలో కల్ల కాదు. ముంబయిలో డాబా మీద కెప్టెన్ అమోల్ యాదవ్ కట్టినదానికి 2017లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ దక్కింది.

ఇక్కడి ఎండను మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. పీడనం మారకపోయినా, 42 డిగ్రీల గాలి 15 డిగ్రీల గాలి కంటే సుమారు 9 శాతం పలుచన. ఇంజన్, ప్రొపెల్లర్, రెక్క మూడూ ఆ లోటు పంచుకుంటాయి. మే మధ్యాహ్నం పల్టీల మాటెందుకు, డిసెంబరు పొద్దున్నే నయం.