పందెపు కార్లలో నూనె ఒత్తిడి, గుఱ్ఱపుబలము

దూరపు పయనమునకు బండి కట్టునపుడు ఇరుసునకు కందెన పెట్టుట మీ రెఱిగినదే. కందెన లేనిచో ఇరుసు కీచుమనును, ఎడ్లు అలయును. గంటకు 150 మైళ్లకు మించి పరుగెత్తు పందెపు కారునకును ఈ చిక్కే కలదు. అయితే అచ్చట ఇరుసు తిరుగు వేగము వేఱు.

గుఱ్ఱపుబల మను కొలతను జేమ్స్ వాట్ ఏర్పఱచెను. 33,000 పౌనుల బరువును నిమిషములో ఒక అడుగు ఎత్తు శక్తియే ఒక గుఱ్ఱపుబలము. 330 పౌనుల నీటిమోటను నూఱడుగుల లోతునుండి నిమిషములో పైకి లాగుట అన్నను అదియే.

1967 జూన్ 4వ తేదీన హాలెండు దేశమున జాండ్‌వోర్ట్ పందెములో జిమ్ క్లార్క్ నడపిన లోటస్ కారు గెలిచెను. కీత్ డక్‌వర్త్ రూపొందించిన కాస్‌వర్త్ డి.ఎఫ్.వి. ఇంజనునకు అదియే తొలి పందెము. మూడు లీటర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్లు, దాదాపు 400 గుఱ్ఱముల బలము. దాని క్రాంకు నిమిషమునకు 9,000 సారులు, అనగా సెకనుకు 150 సారులు తిరిగెడిది. అట్టి క్రాంకును బేరింగునకు తగులకుండ మోయునది తలవెండ్రుకలో పదియవ వంతైనను లేని నూనె పొర.

ఆ పొరను పంపు ఒత్తిడియే నిలుపునని పలువురు తలతురు. నేనును అట్లే తలచితిని. మా పొలములోని ఆయిలింజను ముల్లు ఒకనాడు మునుపటికంటె పైకి లేచినది. ఒత్తిడి హెచ్చినది గదా యని సంతోషించితిని. పదిదినములలో బేరింగు కాలినది. విప్పి చూడగా నూనె త్రోవలో మడ్డి పేరుకొనియుండెను. కాలువకు అడ్డుకట్ట పడినచో కట్టకు ఎగువను నీరు పెరుగును, దిగువ చేను ఎండును. నా ముల్లు ఎగువ నీటిని చూపినది. ఒత్తిడి వేఱు, పాఱుదల వేఱు.

ఈ మర్మమును ఇంగ్లండులో బోషాంప్ టవర్ 1883 ప్రాంతమున కనుగొనెను. రైలుబండి ఇరుసు బేరింగును పరీక్షించుచు, నూనె పోయుటకై దాని నడినెత్తిన రంధ్రము చేసెను. నూనె లోనికి దిగుటకు మాఱు పైకి పొంగెను. కొయ్యబిరడా బిగింపగా దానిని తోసివేసెను. కొలచి చూడగా ఒత్తిడి చదరపు అంగుళమునకు 200 పౌనులు దాటెను. అచ్చట పంపు లేదు! తిరుగు ఇరుసే నూనెను సందులోనికి ఈడ్చి ఆ ఒత్తిడిని పుట్టించెను. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణితము చెప్పెను. కావున పంపు చేయవలసినది నూనెను ఎడతెగక అందించుట మాత్రమే.

ఎంత ఒత్తిడితో నందింపవలెను? వేయి చుట్లకు పది పౌనులని పందెపు మేస్త్రీలలో ఒక వాడుక. ఇది వేదవాక్యము కాదు. సందులు చక్కగా కుదిరిన ఇంజను అంతకంటె తక్కువతోను నడచును. ఒత్తిడి తగ్గించినచో బలము మిగులునను ఆశయు కలదు. లెక్క చూతము. నిమిషమునకు 45 లీటర్ల నూనెను 80 పౌనులతో త్రోయుటకు రమారమి అరగుఱ్ఱపుబలము కావలెను. 60 పౌనులకు దించినచో మిగులునది గుఱ్ఱములో ఏడవ వంతు. పంపులోని నష్టములను కలుపుకొన్నను లాభము స్వల్పమే. దీనికై బేరింగులను పణముగా నొడ్డుట నాకు తెలివిగా తోచదు.

అసలు లాభము వేఱొకచోట కలదు. క్రాంకు క్రింది తొట్టిలో నూనె నిలిచినచో క్రాంకు దానిని చిలుకుచు బలము పోగొట్టుకొనును, నూనె నురుగెత్తును. మలుపులో నూనె ఒక ప్రక్కకు ఒరిగి పంపు గాలి పీల్చును. నేటి ఫార్ములా వన్ కార్లలో మలుపునందలి ప్రక్కత్రోపు కారు బరువునకు నాలుగురెట్లు మించుట కలదు. అందుచే తొట్టిలో నూనె నిలువనీయక వేఱు పంపులతో లాగి విడి పీపాలో నింపుదురు. డి.ఎఫ్.వి.లోను ఈ ఏర్పాటే. ఆ పంపులును కొంత బలము తినును. అయినను చిలుకుట తప్పుటవలన మిగులు ఎక్కువ.

పొడవైన మలుపులో ముల్లు దిగినచో నడపువాడు పందెము వదలి ఇంజను ఆపవలెను. అతడు రెండు సెకనులు సంశయించునంతలో క్రాంకు నూనెలేక మున్నూఱు సారులు తిరిగియుండును.